నాలుగో సాంచ

మనోహర్‌కు పద్నాలుగు వాయిద్యాలు వచ్చు. పదిహేనోది నా తలకాయ అంటుంది అతని భార్య అనురాధ, పెళ్లయిన నాటి నుంచి దాన్ని వాయించని రోజు లేదట. ఆమె మాటలో అబద్ధం లేదు, ఆ పద్నాలుగింటి లెక్కలోనూ అబద్ధం లేదు. హార్మోనియం, క్లారినెట్, బ్యాంజో, కీబోర్డు, డప్పు, డోలు అంటూ మొదలుపెడితే చివరికి జాతరలో పిల్లలకు అమ్మే ఊదుడు పీకల దాకా వస్తుంది. అన్నిటినీ రెండు ఇనుప పెట్టెల్లో సర్దుకుని ఇన్నేళ్లూ బస్సుల మీద తిరిగాడు. ఇప్పుడు యాభై ఐదు నిండాయి. పెట్టె ఎత్తితే నడుం పట్టేస్తోంది, దించితే మోకాలు పట్టేస్తోంది.

ఆ శనివారం పొద్దున రెండు పెట్టెలూ వాకిట్లో పెట్టుకుని వాటి ముందు కూర్చున్నాడు. అనురాధ గడప పక్కన చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుడుతోంది. సిరిసిల్లలో ఆ గల్లీలో ప్రతి గడప పక్కనా ఒక చాట ఉంటుంది. చేతులు ఆగకుండానే అడిగింది.

"ఇయ్యాల్టితోని ఆఖరు గదా?"

"ఆఖరే."

"మాటంటే మాటనే?"

"మాటనే. అచ్చినంక రెండు పెట్టెలు సజ్జ ఎక్కిస్త. సోమారం జగిత్యాల బస్సెక్కుత."

"నువ్వు అంత ఎత్తుకు ఎక్కియ్యకు, నడుం పడ్తది. పక్కింటోళ్లను పిలుస్త."

జగిత్యాలలో ఒక ప్రైవేటు బడి. అందులో మ్యూజిక్ సార్ ఉద్యోగం, వారానికి ఆరు రోజులు. ప్రిన్సిపాల్ మేడం ఫోన్లోనే అంతా తేల్చేసింది. కీబోర్డు ఒక్కటి తెచ్చుకుంటే చాలు, ప్రార్థన పాట, దేశభక్తి పాట, యాన్యువల్ డేకి డాన్సు పాటలు. "మీరు ఎక్స్‌పరిమెంట్లు గిట్ల చేస్తరని విన్నం సార్, మా దగ్గర అవి వద్దు" అని కూడా అంది. నీ పేరు బడుల దాకా పాకిందా అని అనురాధ నవ్వింది. అతనికి నవ్వు రాలేదు. ఉద్యోగం మంచిదే, ఇంటికి కావలసిందే. కాకపోతే ఆరు రోజులు బడిలో గొంతు చించుకుని వచ్చినవాడికి ఏడో రోజు కొత్త పాట కట్టే ఓపిక మిగలదని అతనికి తెలుసు. సొంత పాటకు ఈ శనివారం కులసంఘం సభతో సరి.

సొంత పాట అని పేరే గానీ అందులో పాట ఉండదు. అసలు చిక్కంతా అదే.

అతను పెరిగింది సాంచాల మధ్య. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచ అంటారు. తండ్రి దశరథం సాంచాలు నడిపేవాడు, తల్లి ఇంద్రమ్మ కండెలకు నూలు చుట్టేది, పిల్లవాడి ఉయ్యాల కార్ఖానా మూలన వేలాడేది. చప్పుడు ఆగితే లేచి ఏడ్చేవాడట. కరెంటు పోతే గల్లీలోని పసిపిల్లలంతా ఒక్కసారే ఏడుపు అందుకునే ఊరు అది. పెద్దయ్యాక అందరూ ఆ చప్పుడుకు చెవులు మూసుకున్నారు, ఇతను తెరిచాడు. ఎనిమిది సాంచాలు ఎనిమిది తీర్లుగా కొట్టుకుంటాయి, ఎప్పుడో ఒకసారి అన్నీ కలిసి ఒక్క దెబ్బ వేస్తాయి, మళ్లీ ఎవరి దారి వాళ్లది. భజన మండలిలో హార్మోనియం ముందు కూర్చున్నా ఆ ఒక్క దెబ్బ మీదే ధ్యాస. దేవుడి మీద ఉందనుకుని పెద్దలు మురిసిపోయేవారు.

ఇరవయ్యో ఏట కోరుట్ల పోయి జలపతి మాస్టర్ బ్యాండు సెట్టులో చేరాడు. పదకొండేళ్లు ఎర్ర కోటు తొడిగాడు. క్లారినెట్ అక్కడే నేర్చాడు, ట్రంపెట్ అక్కడే, సైడు డ్రమ్ము అక్కడే. ఎవరికి జ్వరమొస్తే వాళ్ల వాయిద్యం ఇతని మెడలో పడేది. అంతా బాగానే ఉండేది, ఒకనాటి బరాత్‌లో దరువుకు ఒక అర దెబ్బ అదనంగా చేర్చకపోయి ఉంటే. దరువు బోసిగా ఉందనిపించి చేర్చాడు. ఎగురుతున్నవాళ్ల కాళ్లు తడబడ్డాయి, ఒకడు పోయి ఇంకొకడి మీద పడ్డాడు, గుర్రం నిలబడిపోయింది. పెళ్లికొడుకు మేనమామ చెప్పు తీశాడు. జలపతి మాస్టర్ ఆ మేనమామ చేతులు పట్టుకుని బతిమాలుకుని, తర్వాత చాయ్ దుకాణం దగ్గర మనోహర్ భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ చేతులు మంచియే కొడుకా. తలకాయ ఒక్కటే మంచిగ లేదు. మంది ఎగురుతందుకు కొట్టాలె గని, పడుతందుకు కొడ్తరా?"

ఆ తలకాయనే మోసుకుని జగిత్యాల వచ్చాడు. అక్కడొక రికార్డింగు స్టూడియోలో కీబోర్డు. దుబాయి వలస పాటలు, బతుకమ్మ పాటలు, ఎలక్షన్ పాటలు. ఒకే రోజు పొద్దున ఒక పార్టీకి, సాయంత్రం ఇంకో పార్టీకి అదే ట్యూను కొట్టిన సందర్భాలున్నాయి, ఎవరూ పట్టుకోలేదు. ఆదివారాలు సొంత పని. బీర్పూర్ పొలాల్లో మోటార్లు అందుకునే చప్పుళ్లు పట్టుకొచ్చి, వాటి మీద బ్యాంజో వాయించి ఇరవై నిమిషాల ముక్క ఒకటి కట్టాడు. వేములవాడ బస్టాండులో మూడు రోజులు కూర్చుని కండక్టర్ల కేకలూ మొక్కుకు తెచ్చిన కోడెల మెడ గంటలూ కలిపి ఇంకోటి కట్టాడు. దాన్ని ఇంటర్నెట్‌లో పెడితే ఇప్పటికి అరవై ఒక్క సార్లు చూశారు. అందులో తొమ్మిది సార్లు తనే. ఒకాయన కింద రాశాడు: అన్నా, సౌండ్ ప్రాబ్లం ఉంది, చూసుకో.

తర్వాత కంప్యూటర్లు వచ్చి కీబోర్డు పని అవే చేసుకోసాగాయి. స్టూడియోలో అతను కూర్చునే కుర్చీలో ఒక ప్రింటరు పెట్టారు. సిరిసిల్లకు తిరిగొచ్చాడు. బయలుదేరిన చోటికే రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

పేరు రాలేదని అతనికి బాధ లేదు. శాలువాలు ఎవరు ఎందుకు కప్పుతారో చూసినవాడే. అతని ఆశ ఒక్కటే, తను కట్టినదాన్ని ఒక్క మనిషి మొదటి నుంచి చివరి దాకా వినాలి. అది ఈ ముప్పై ఏళ్లలో జరగలేదు. అనురాధ సగం దాకా విని, పొయ్యి మీద పప్పు గుర్తొచ్చి లేచేది. పప్పు నిజంగానే పొయ్యి మీద ఉండేది, అది ఆమె తప్పు కాదు.

ఆఖరుగా వినిపించబోయే ముక్కకు పన్నెండేళ్ల వయసు. తంగళ్ళపల్లి దారిలో ఒక కార్ఖానా ఉండేది. ఎనిమిది సాంచాలు, ఇద్దరు కార్మికులు. నాలుగు శంకరయ్య నడిపేవాడు, నాలుగు పోశం. అప్పటికింకా జగిత్యాలలోనే ఉన్న మనోహర్ సెలవు పెట్టి వచ్చి, చిన్న రికార్డరు పట్టుకుని ఆరు రోజులు అక్కడే కూర్చున్నాడు. శంకరయ్య నడిపే నాలుగో సాంచ దగ్గర అతని మనసు చిక్కుకుపోయింది. అది ఏడు దెబ్బలు సాఫీగా కొట్టి, ఎనిమిదోది కొట్టబోయి చిన్నగా కుంటేది. ఏడున్నర మాత్రల తాళం! మనిషన్నవాడు ఎవడూ కట్టని తాళాన్ని ఇనుము కట్టిందని పొంగిపోయాడు. ఆ కుంటు చుట్టూ క్లారినెట్, బ్యాంజో, డప్పు అల్లి నలభై నిమిషాల ముక్క తయారుచేశాడు.

దాన్ని ఎంత శుభ్రం చేశాడో చెప్పలేం. రోడ్డు మీద లారీ హారన్లు తీసేశాడు, ట్యూబులైటు గుయ్యిమనడం తీసేశాడు. ఒకచోట, మిగతా ఏడూ ఆపి ఉన్న వేళ, పోగు తెగి నాలుగో సాంచ కూడా ఆగుతుంది, కాసేపటికి మళ్లీ మొదలవుతుంది. ఆ నడుమ నిశ్శబ్దం అతనికి ప్రాణం. సరిగ్గా ఆ నిశ్శబ్దంలోనే శంకరయ్య దగ్గాడు. ఆ కాస్తను తీయడానికి మూడు రోజులు పట్టింది. అతుకు తెలియకుండా తీశానని మనోహర్‌కు గర్వంగా కూడా ఉండేది. మరుసటి ఏడాదే శంకరయ్య ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. కార్ఖానా మూతపడింది, సాంచాలు పాత ఇనుములోకి పోయాయి.

*

నేతవాళ్లు మూలపురుషుడిగా కొలిచే మార్కండేయుడి జయంతికి కులసంఘం భవనం నిండింది. పూజ అయింది, భోజనాలు అయ్యాయి, మధ్యాహ్నం మీటింగుకు ముందు మనోహర్‌కు పదిహేను నిమిషాలు. కార్యదర్శి సతీశ్ ముప్పై అయిదేళ్లవాడు, చెవికి ఫోన్ అతుక్కుని పుట్టినట్టే ఉంటాడు.

"రెండు భక్తి పాటలు కొట్టన్నా, ఆఖరుకు జర ఊపున్నది ఒకటి. ముఖ్య అతిథి అచ్చేదాక మందిని కూసోబెట్టు."

"సాంచాల మీద ఒకటి కట్టిన సతీశ్. అది వాయిస్త."

"సాంచాల మీద పాటనా? మస్తుంటది. మనోళ్లదే గదా."

అందులో మాటలు ఉండవని మనోహర్ చెప్పబోయాడు. సతీశ్ అప్పటికే ఫోన్లో ఎవరికో దారి చెబుతున్నాడు. చెప్పకపోవడమే మంచిదయింది.

కంప్యూటర్లో మీట నొక్కాడు. నాలుగు మూలలా పెద్ద స్పీకర్లలోంచి ఎనిమిది సాంచాలు ఒక్కసారిగా అందుకున్నాయి. నాలుగు వందల మంది తలలు లేచాయి. వారమంతా అదే చప్పుడులో నలిగి, పండుగ పూట తెల్లబట్టలు కట్టుకుని రెండు గంటలు ప్రశాంతంగా కూర్చుందామని వచ్చినవాళ్లు వాళ్లు.

"గిదేంది, ఇంటికాడ విన్నది సాలదా?" అని ఎవరో అన్నారు. నవ్వారు. ఆడవాళ్ల వైపు ఒకామె కొంగు తీసి చెవులకు చుట్టుకుంది. మనోహర్ కళ్లు మూసుకుని క్లారినెట్ నోట పెట్టుకున్నాడు. మూసుకుంటే చూడక్కర్లేదు, ఈ కిటుకు అతనికి కోరుట్ల నుంచి అలవాటే.

అయిదు నిమిషాలకు సతీశ్ వేదిక పక్కకొచ్చి చేత్తో గాలిని కోశాడు, ఆపమని. సరిగ్గా అప్పుడే వాడి ఫోన్ మోగింది. ముఖ్య అతిథి వేములవాడలో దర్శనానికి ఆగాడట, ఇంకో గంట పడుతుందట. సతీశ్ చెయ్యి తిరగేసి, కానియ్యి కానియ్యి అని గుండ్రంగా తిప్పాడు. ముప్పై ఏళ్లలో మనోహర్‌కు ఒక సభ పూర్తి సమయం ఇవ్వడం అదే మొదలు. అందుకు కారణం వేములవాడలో క్యూ.

వాయిస్తున్నాడు. జనం మాట్లాడుకుంటున్నారు. వక్కలు నములుతున్నారు, సంబంధాలు కలుపుతున్నారు. అతనికి కోపం కూడా రాలేదు. కోపానికి కాస్త బలం కావాలి. ఇది అయిపోతే ఇంటికి పోయి చాప మీద నడుం వాల్చాలి, అంతే అనుకున్నాడు.

పంతొమ్మిదో నిమిషంలో పోగు తెగే చోటు వచ్చింది. పోగు తెగితే సాంచ వెంటనే ఆగదు, రెండు మూడు దెబ్బలు ఒట్టిగా కొట్టుకుంటుంది. ఆ చప్పుడులో తేడా బయటివాళ్లకు తెలియదు. మూడో వరసలో కూర్చున్న పోశం, డెబ్బై ఏళ్ల మనిషి, పక్కవాడితో వానల గురించి మాట్లాడుతున్నవాడు, ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు.

"నాలుగోది! నాలుగో సాంచ బంద్ వెట్టుండ్రి, పోగు తెగింది!"

గొంతు భవనమంతా మోగింది. పోశం కుడిచెయ్యి అక్కడ లేని సాంచ హ్యాండిల్‌ను పట్టుకుని గుంజుతోంది. ఒక్క పోశమే అయితే ముసలాయన చాదస్తం అనుకునేవాళ్లు. మనోహర్ కళ్లు తెరిచి చూశాడు. ముందు వరసల నుంచి గోడ దాకా ఎన్నో కుడిచేతులు మోకాళ్ల మీద నుంచి జానెడు లేచి ఉన్నాయి. కొందరు సగం నిలబడి ఉన్నారు. ఒకరినొకరు చూసుకున్నారు. నవ్వు మొదలైంది, పెద్ద నవ్వు, ఆపుకోలేని నవ్వు. తర్వాత అది దానంతటదే తగ్గిపోయింది. నవ్వినవాళ్లంతా ఒక్క సంగతి గ్రహించారు. మాట్లాడుకుంటున్నా, తింటున్నా, ఇంతసేపూ ప్రతి దెబ్బా వాళ్ల చెవిలో పడుతూనే ఉంది.

సాంచ మళ్లీ మొదలైంది. పోశం కూర్చోలేదు. నడుచుకుంటూ వచ్చి స్పీకరు పక్కన చెవి పెట్టాడు.

"ఆరి నీ... గిది మా కార్ఖాన చప్పుడే గదరా. గా కుంటుడు సూడు. గిది శంకరయ్య సాంచ."

ఆ పేరుకు ఆడవాళ్ల వైపు నుంచి ఒకామె లేచింది. శంకరయ్య భార్య సత్తవ్వ. అరవై దాటాయి, ఇప్పటికీ కండెలు చుడుతుంది. పోగులు పట్టీ పట్టీ వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయాయి. మనుషులను తప్పించుకుంటూ వేదిక దాకా వచ్చి నిలబడింది. మనోహర్ ఊదుతూనే ఆమె ముఖం చూశాడు. ఆమె చప్పుడు వింటోంది. పూర్తిగా, చెవులు అప్పగించి వింటోంది. ముప్పై ఏళ్లుగా అతను వెతుకుతున్న మనిషి అడుగు దూరంలో నిలబడి ఉంది. క్లారినెట్‌లోకి ఎక్కడలేని ఊపిరి వచ్చింది.

సత్తవ్వ చెయ్యెత్తింది.

"మనోహర్, నడిమిట్ల నీ పీక ఊదకయ్యా. జర బంద్ వెట్టు. చప్పుడు వినబడ్తలేదు."

అతను క్లారినెట్ దించాడు. నొచ్చుకున్నాడు, అందులో దాచేదేం లేదు. పన్నెండేళ్ల కింద అల్లిన అల్లిక అది. దాన్ని పెట్టె మీద పెట్టి, బ్యాంజోను, డప్పును కంప్యూటర్లో ఒక్కొక్కటే నొక్కేశాడు. సాంచాలు మాత్రమే మిగిలాయి.

"మొదటి సంది పెట్టు" అంది సత్తవ్వ.

మొదటి నుంచి పెట్టాడు. వేదిక మీద తనకు పని లేదు గనుక మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె పక్కన కూర్చుంది. నాలుగు వందల మంది ఇరవై నిమిషాల పాటు ఆ చప్పుడు విన్నారు. సంగీతం విన్నట్టు కాదు, తమ పక్క సాంచను విన్నట్టు, ఎక్కడ తప్పుతుందా అని. కుంటు వచ్చిన ప్రతిసారీ పోశం తల ఊగింది.

"గా కుంటు ఎందుకో ఎరికేనా నీకు?" సత్తవ్వ మెల్లగా అడిగింది.

"ఏడున్నర మాత్రలు వదినె. అది తాళం..."

"నా చెప్పు అది. కొట్టేకాడ తోలు పట్ట తెగితె, సేటు కొత్తది తేడని నా చెప్పు వారు కోసి కట్టిండు. కొత్త చెప్పులు, వారం గాలే కొని. పది దినాలు మాట్లాడలే నేను ఆయనతోని."

మనోహర్‌కు నవ్వొచ్చింది. పన్నెండేళ్లుగా ఇనుము కట్టిన తాళమని మురిసిపోయింది సత్తవ్వ చెప్పు వారు.

పోగు తెగే చోటు వచ్చింది. ఈసారి ఎవరూ అరవలేదు, చేతులు మాత్రం లేచాయి. సాంచ ఆగింది. అతని ప్రాణమైన ఆ నిశ్శబ్దం భవనమంతా పరుచుకుంది. మళ్లీ సాంచ అందుకుంది. సత్తవ్వ అతని వైపు తిరిగింది.

"దగ్గలేదేంది?"

"ఏంది వదినె?"

"పోగు కలుపుతందుకు వంగితె దగ్గుతడు గదా ఆయన. వంగితె దగ్గు రావాలె. ఏది?"

మనోహర్ నేల చూశాడు. "దగ్గిండు వదినె. నేనే తీసేసిన."

"ఎందుకు?"

"పాటకు అడ్డమచ్చిందని."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. ఏదో లెక్క కుదరనట్టు కాసేపు చూసి, "దగ్గే గదా, ఏం అడ్డమచ్చింది" అని తనలో తాను అనుకుంది. బయట కార్ల హారన్లు మోగాయి. ముఖ్య అతిథి వచ్చాడు, సతీశ్ దండ పట్టుకుని పరుగెత్తాడు, ఎవరో స్పీకర్ల వైరు పీకేశారు.

*

"ఎట్లయింది?" అని అడిగింది అనురాధ. బీడీలు అప్పజెప్పే రోజు కావడంతో ఆమె సభకు రాలేదు.

"విన్నరు."

ఆమె చేతులు ఆగాయి. "ఎంత మంది?"

"అందరు. నేను ఊదుడు బంద్ వెట్టినంక."

జరిగిందంతా చెప్పాడు. అనురాధ చాట పక్కన పెట్టి లేచి, చాయ్ పెట్టి తెచ్చింది. పెట్టెల వైపు చూసి, "ఇగ ఎక్కియ్యమంటవా సజ్జ మీదికి?" అంది.

"ఉండనీ. ఒకటి సరిజేసేది ఉన్నది."

"నీ ఒకటి నాకు ఎరికే. ఎన్నేండ్లు పడ్తది గా ఒక్కటి?" అంది గానీ, పక్కింటివాళ్లను పిలవలేదు.

ఆదివారం పొద్దంతా పెట్టెలు తిరగేశాడు. అడుగున, కోరుట్ల ఎర్ర కోటు మడతల్లో పాత హార్డ్ డిస్కు దొరికింది. దాని మీద కాగితం అతికించి తన చేతిరాతతోనే రాసి ఉంది: సాంచ, కోరా. చలువ చేయని బట్టను కోరా అంటారు కదా, ఏదీ తీయక ముందటి రికార్డింగుకు ఆ పేరు పెట్టుకున్నాడు. దాన్ని తెరిచే వైరు ఇంట్లో లేదు. బజారంతా తిరిగితే నాలుగో దుకాణంలో పాతది ఒకటి ఇచ్చారు. డిస్కు కాసేపు మూలిగి తెరుచుకుంది. ఆరు రోజుల చప్పుడూ ఉంది. ఆ చోటు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని అక్కడితో ఆపేశాడు. అది ముందు వినాల్సింది తను కాదనిపించింది.

సోమవారం పొద్దున కీబోర్డు ఒక భుజానికి, కంప్యూటరు సంచి ఇంకో భుజానికి వేసుకుని బయలుదేరాడు. జగిత్యాల బస్సు ఏడింటికి. ఆరున్నరకే సత్తవ్వ ఇంటి ముందున్నాడు. ఆమె అప్పటికే కండెల మిషన్ ముందు కూర్చుంది. అతన్ని చూసి మిషన్ ఆపి, పీట వాల్చింది.

"దొరికింది వదినె."

ఆమె మిషన్ మీది నూలు పక్కకు పెట్టింది. చీర కొంగు సర్దుకుని, ఎవరో ఇంటికి వస్తున్నట్టు కాస్త పక్కకు జరిగి కూర్చుంది.

పెట్టాడు. ఇందులో లారీలున్నాయి, ట్యూబులైటు గుయ్యిమంటోంది, ఎక్కడో పిల్లి అరుస్తోంది. నాలుగో సాంచ కుంటుతూ నడుస్తోంది. ఒట్టి దెబ్బలు రెండు, హ్యాండిల్ గుంజిన చప్పుడు. చెప్పుల్లేని కాళ్లు రెండడుగులు వేశాయి. ఆ తర్వాత దగ్గు. ఒకటి కాదు. మొదట నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గినట్టు ఒకటి, ఆపై కట్ట తెగినట్టు వరసగా, ఊపిరి అందనంతగా. మనోహర్‌కు ఇంత పొడుగు దగ్గు గుర్తు లేదు. తీసేటప్పుడు అతను దాన్ని వినలేదు, కంప్యూటరు తెర మీద ఎంత పొడవుందో మాత్రమే చూశాడు.

దగ్గు ఆగింది. శంకరయ్య గొంతు వచ్చింది, రొప్పుతూ.

"మాఫ్ జెయ్యి తమ్మీ. పొద్దటి సంది ఆపుకుంటన్న గని ఇగ ఆగలే. నీ పాట ఖరాబయిందా?"

కాస్త సందు. తర్వాత ఇంకో గొంతు, కాస్త చిన్న వయసు గొంతు, తొందరలో ఉన్న గొంతు.

"ఏం గాదన్నా. అది తీసేస్త."

మళ్లీ సాంచ.

అది తన గొంతేనని గుర్తుపట్టడానికి మనోహర్‌కు క్షణం పట్టింది. ఆరు రోజుల రికార్డింగులో ఒక్కచోటే దగ్గు ఎందుకుందో ఆనాడు అతనికి తోచలేదు. ఆ ఛాతీతో ఆ మనిషి ఆరు రోజులు దగ్గు మింగుకున్నాడు, ఎవడో చప్పుళ్లు పట్టుకుంటున్నాడని, వాడి పని పాడవకూడదని. ముప్పై ఏళ్లుగా తన పాట ఎవరూ వినలేదని ఊరంతటి మీదా లోపల లోపల అలిగి తిరిగాడు గదా. విన్నవాడు ఒకడుండె. వాడినే తీసేశాడు.

"తప్పయింది వదినె" అన్నాడు. ఆ మాట చాలదని అతనికి తెలుసు.

సత్తవ్వ కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "ఇంటికాడ గూడ అంతే" అంది. "పిల్లలు పండుకుంటె బయటికి పోయి దగ్గేటోడు."

"దీన్ని మల్ల కడ్త. ఆయన దగ్గు ఉంటది, ఆయన మాట ఉంటది. నా పీక ఉండది."

"నీ పీక గూడ ఉండనీ జర. ఆఖర్ల" అంది సత్తవ్వ. "ఆ ఆరు దినాలు కార్ఖానల నువ్వు ఊదుకుంటుంటె ఆయనకు మంచిగ అనిపిస్తుండె. ఇంటికచ్చి చెప్పేటోడు."

ఏడు గంటల బస్సు వీధి చివర హారన్ కొట్టి వెళ్లిపోయింది. ఎనిమిదింటికి ఇంకోటి ఉంది. మొదటి రోజే ఆలస్యమైతే మేడం ఏమంటుందో అనే ఆలోచన ఒకటి వచ్చి, కూర్చునే చోటు లేక పోయింది.

"ఇంకోపారి పెట్టు" అంది.

వెనక్కి తిప్పి పెట్టాడు. లారీ, పిల్లి, కుంటు, ఒట్టి దెబ్బలు, దగ్గు. ఈసారి సత్తవ్వకు అంతా తెలుసు, ఎక్కడ ఏముందో. ఆమె ముందుకు వంగి, ఆ చిన్న స్పీకరుకు దగ్గరగా ముఖం పెట్టింది.

"...నీ పాట ఖరాబయిందా?"

"ఖరాబు గాలేదయ్యా" అంది సత్తవ్వ. మనోహర్ పాత గొంతు ఆ మాట కింద పడి వినపడకుండా పోయింది. "ఏం ఖరాబు గాలే. నువ్వు నడుపు."

సాంచ మొదలైంది.